కాకిలెక్క

లియెపాయా ఊళ్లో బళ్లు ముప్పయ్యొకటి.
కరెంటు పొదుపులో మాది ముప్పయ్యో నంబరు.
మా వెనక ఒక్కటే ఉంది,
అది పోయినేడు గాలికి కప్పెగిరిపోయిన బడి.

ఏప్రిల్లో మున్సిపాలిటీ నుంచి జానె అనే అమ్మాయి వచ్చి
ఆ కాగితం నా బల్లమీద పెట్టింది.
చదరపు మీటరుకి మీకు ఇంత.
మీలాంటి బడికి మామూలుగా ఇంత.
తేడాకి ఎర్ర రంగు.

ఒళ్లు మండింది నాకు.
పంతొమ్మిదేళ్లుగా ఈ బడి తాళంచెవులు నా నడుముకే వేలాడుతున్నాయి.
పిల్లలు తెరిచి మరిచిన కిటికీలు మూసేది నేను.
స్టాఫ్ రూములో దీపం వదిలేసే లెక్కల మేష్టారిని
పేరుపెట్టి తిట్టేది నేను.
సముద్రపు కాకులక్కూడా మా బడంటేనే ప్రాణం,
ఇంకే కప్పుమీదైనా ఇన్ని వాలతాయా, చూసి చెప్పు అన్నాను.
నా నోటుబుక్కు తీసి ముందు పడేశాను:
నెలకో అంకె, అంకె పక్కన నా సంతకం.

"విల్నిస్ గారూ, నెలకోసారి నాడి చూస్తే
జ్వరం ఏ రాత్రి వచ్చిందో ఎలా తెలుస్తుంది?"
అని, మీటరు పక్కన అగ్గిపెట్టెంత పరికరం బిగించి
వెళ్లిపోయింది.

జూలైలో ఒక గీత పట్టుకొచ్చింది.
గంటకో చుక్క, చుక్కలన్నీ కలిపిన గీత.
పొద్దున ఏడింటికి లేస్తుంది,
పదకొండుకి వంటగది పొయ్యిలతో నిక్కుతుంది,
సాయంత్రం మాతోపాటే దిగుతుంది.
దిగుతుంది గానీ
నేలకి ఆనదు.
రాత్రి రెండింటికి, ఎవరూ లేని బడిలో,
ఆరు కిలోవాట్ల ఎత్తున
ఎవరో మేలుకుని కూచున్నట్టు.
ఆదివారాలూ అంతే.
లీగో పండగనాడు ఊరంతా నెగళ్ల చుట్టూ తెల్లవార్లూ పాడుతుంటే
అప్పుడూ అంతే.

ఇంటిదొంగని దేవుడు కూడా పట్టలేడంటారు.
మేం ఇద్దరం పట్టాం.
అర్ధరాత్రి దాటాక నేను ఒక్కో స్విచ్చీ దించుతూ,
తను ఫోన్లో అంకె చూస్తూ.
కదల్లేదు. కదల్లేదు. కొంచెం... లేదు, కదల్లేదు.
ఇరవైమూడో స్విచ్చి కింద వెలిసిపోయిన చీటీ:
ముట్టుకోవద్దు. ఓయార్స్.

ముట్టుకున్నాను.
"పడింది!" అని అరిచింది జానె,
ఎవరో మెట్లమీంచి పడ్డట్టు.

ఓయార్స్ నాకు పని నేర్పినవాడు.
ఒక చలికాలం చూరునుంచి మంచుగడ్డ జారి
ఒక పాప భుజం ఎముక విరిగింది.
ఆ వారమే నిచ్చెనెక్కి, తూము పొడవునా
మంచు కరిగించే తీగ వేశాడు తన చేత్తో.
తర్వాత ఆయన పోయాడు.
చలి కొలిచే మీట తుప్పుపట్టి పోయింది.
మంచు కరిగిందని, ఎండాకాలం వచ్చిందని
ఆ తీగకి చెప్పేవాళ్లు లేకపోయారు.
బూడిదలో పోసిన పన్నీరంటారు,
ఇది మబ్బుల్లో పోసిన వేడి.
దానికోసం ఎక్కడో గ్యాసు కాలింది,
ఆ పొగ ఎటూ పోలేదు, మన నెత్తిమీదే ఉంది.

వెచ్చటి తూమని తెలిసి వాలేవి ఆ పక్షులు.
ఇన్నేళ్లుగా కప్పెక్కి అరిచి అరిచి చెబుతూనే ఉన్నాయి.
నేనే అది కాకిలెక్క అనుకున్నాను,
నా నోటుబుక్కుది అసలు లెక్క అనుకున్నాను.

కొత్త మీట పెట్టాం. గడ్డకట్టే చలికే వెలుగుతుంది.
జాబితాలో ఇరవైరెండుకి వచ్చాం.
పక్షులు బేకరీ కప్పుమీదికి మారిపోయాయి.
అక్టోబరులో నిచ్చెనెక్కి తూములో అరచెయ్యి పెట్టి చూశాను.
చల్లగా ఉంది.
ఆస్పత్రిలో ఓయార్స్ చెయ్యి
చివరిసారి పట్టుకున్నప్పుడు ఇంతే చల్లన.
చీటీ మాత్రం పీకలేదు.

నోటుబుక్కులో ఇప్పుడు గంటల గడులు గీసుకున్నాను.
నిన్న రాత్రి రెండింటికి:
సున్నా కాదు, ముప్పావు కిలోవాటు.
ఆ ముప్పావు ఎవరిదో ఇంకా తేలలేదు.
టార్చిలైటులో బ్యాటరీలు మార్చాను.